కుక్కల మొక్కు

దేవుడికి మొక్కుకునేటప్పుడు మనిషి తన కాళ్ల సంగతి చూసుకుని మొక్కుకోవాలి. మా అత్తగారు చూసుకోలేదు. డెబ్బై దాటిన వయసు, అరిగిపోయిన మోకాళ్లు, గల్లీ చివర పాల దుకాణానికి పోయి రావడానికే మధ్యలో రెండు అరుగుల మీద కూర్చునే మనిషి. అటువంటావిడ పాతబస్తీలో మా ఇంటి గడప నుంచి కొమురవెల్లి మల్లన్న గడప దాకా రెండు కుక్కల్ని నడిపించుకు వస్తానని మొక్కుకున్నారు. వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ. మొక్కింది ఆవిడ, నడిచింది నేను. ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

కుక్కలు కూడా నావి కావు. రెండూ గల్లీ కుక్కలే. ఒకటి నల్లది, మగది, మూతి దగ్గర వెంట్రుకలు నెరిశాయి. దాన్ని అత్తగారు పెద్దోడు అంటారు. రెండోది ఎర్రది, ఆడది, బుద్ధి ఇంకా రానిది. దాన్ని చిన్నది అంటారు. పొద్దున్నే రాత్రి మిగిలిన జొన్నరొట్టె పాలలో నానబెట్టి వాటికి పెట్టాకే మా ఇంట్లో ఎవరికైనా టీ. ఆఫీసుకు పోయే హడావుడిలో గుమ్మానికి అడ్డంగా పడుకున్నవాటిని తిట్టుకుంటూ దాటిపోవడమే తప్ప నేను ఏనాడూ వాటి తల నిమిరిన పాపాన పోలేదు.

పోయిన వానాకాలం నాలా పొంగి మా గల్లీలోకి నడుంలోతు నీళ్లొచ్చాయి. మేం మేడ ఎక్కి బతికాం. కుక్కలు కొట్టుకుపోయాయి. మూడు రోజులు అత్తగారు సరిగా అన్నం తినలేదు. పిట్టగోడ పట్టుకుని నీళ్లకేసి చూస్తూ మల్లన్నకు మొక్కారు. రెండూ బతికొస్తే, బండెక్కకుండా, వాటి కాళ్ల మీద అవే నడిచి నీ గడపకు వస్తాయని. నాలుగో రోజు రెండూ ఒళ్లంతా బురదతో వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాయి. నాకూ సంతోషమే వేసింది, అబద్ధమెందుకు.

మాది గుంటూరు వైపు. ఉద్యోగం మీద ఈ ఊరొచ్చి, ఇక్కడి మనిషిని చేసుకుని, ఇరవై ఏళ్లుగా ఈ గల్లీలోనే ఉన్నాను. మా పుట్టింట్లో మల్లన్న అంటే శ్రీశైలం. ఇక్కడ అత్తగారి పుట్టింటి కురుమలకు మల్లన్న అంటే కొమురవెల్లి. ఆవిడ లెక్కలో ఆయన ముందు గొర్రెల కాపరి, ఆ తర్వాతే దేవుడు. గొర్రెలు కాసినవాడికి కుక్క విలువ తెలుస్తుందని ఆవిడ వాదన. నేను దేవుళ్ల జోలికి పెద్దగా పోను. పండక్కి దండం పెడతాను, అంతే.

మొక్కు తీర్చకుండానే వానాకాలం పోయింది, చలికాలమూ పోయింది. మా ఆయన ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఫిట్టర్. "వచ్చే వారం పోదాం అమ్మా" అని ప్రతి వారమూ అన్నారు. శివరాత్రి దాటాక ఒకరోజు అత్తగారు స్నానం చేసి వచ్చి, రొమ్ము పక్కన గట్టిగా ఏదో తగులుతోందని నాతో చెప్పారు. పరీక్షలు అయ్యాయి. డాక్టరమ్మ నన్నూ మా ఆయన్నీ గదిలోకి పిలిచి తలుపు వేయించింది. ఆలస్యం చేయొద్దంది, రెండు వారాలు కాగానే వచ్చే సోమవారం నాడు ఆపరేషన్ అంది. బయటికి వచ్చాక మా ఆయన తల్లితో, "చిన్న గడ్డమ్మా, తీసేస్తరు, ఫికర్ లేదు" అన్నారు. నేను నోరు మూసుకున్నాను. నేను ఏదైనా ముఖం మీద చెప్పే మనిషిని. అత్తగారితో ఇరవై ఏళ్లలో ఎన్నో లొల్లులు పెట్టుకున్నాను కానీ ఒక్క అబద్ధం ఆడలేదు. ఆ రోజు కూడా ఆడలేదు, ఏమీ మాట్లాడలేదు అంతే.

ఆపరేషన్ అనగానే ఆవిడ అడ్డం తిరిగారు.

"మల్లన్న మొక్కు తీరలే. అది నోట్ల పెట్టుకొని ఇంకోటి మొక్కుతే ఆయన నా దిక్కు చూస్తడా? ముందుగాల పాతది తీరాలె. గప్పుడే కత్తి."

"కారు మాట్లాడతాను, కుక్కల్ని ఎక్కించుకుని రేపే పోయొద్దాం" అన్నాను.

"బండ్ల పోయేదుంటే గది మొక్కెట్లయితది? షికారైతది."

"మీ ప్రాణం ముఖ్యమా, కుక్కల నడక ముఖ్యమా?" అని గట్టిగానే అరిచాను.

"నా పాణం గురించే చెప్తున్న బిడ్డా. నా కాళ్లు పోయినయి. ఇంటి మనిషి నడుస్తే నేను నడిచినట్టే."

ఇంటి మనిషి అంటే కొడుకని అందరం అనుకున్నాం. అనుకున్న రెండో రోజే ఆ కొడుకు ఫ్యాక్టరీలో నిచ్చెన దిగుతూ మడమ మెలితిప్పుకుని వచ్చారు. పాదం పూరీలా పొంగింది. ఎముక విరగలేదు కానీ నడవకూడదన్నారు. ఇంట్లో మిగిలిన ఇంటి మనిషిని నేనే.

సెలవు అడగడానికి పోతే మా సూపరింటెండెంట్ గారు కాగితం రెండుసార్లు చదివి, "కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమంటే ఇదేనమ్మా" అన్నారు. నవ్వలేదు నేను. ఆయన సంతకం పెట్టారు.

బయల్దేరే ముందు వారం రోజులు వాటికి నడక నేర్పాలని రోజూ పొద్దున్నే బార్కస్ దాకా తీసుకుపోయాను. అదొక పెద్ద పొరపాటు. బార్కస్‌లో ఆ వేళకు హరీస్ అమ్మే హోటళ్లు తెరిచి ఉంటాయి. గోధుమలూ మాంసమూ కలిపి వండే ఆ వాసన తగిలితే నాకే కాళ్లు ఆగుతాయి, వాటికి చెప్పేదేముంది? రెండోరోజు ఒకాయన జాలిపడి ఎముక విసిరాడు. మూడో రోజు నుంచి అవి ఆ హోటల్ దాకా నన్ను ఈడ్చుకుపోయి, అక్కడ కూర్చుని, ఇక లేవను పొమ్మన్నాయి. వారమంతా నేర్పితే అవి నేర్చుకున్నది ఒక్కటే, నడిస్తే చివర ఎముక దొరుకుతుందని.

మా పక్కింట్లో చెప్పులు కుట్టే చిన్న కార్ఖానా ఉంది. ఎండాకాలం తారు రోడ్డు మీద కుక్కల అరికాళ్లు కాలతాయని ఆలోచించి, వాటికీ బూట్లు కుట్టిపెట్టమని అది నడిపే ఆయన్ని అడిగాను.

"క్యా ఆపా, ఇన్కు బీ జూతే హోనా?" అని మొదట పగలబడి నవ్వాడు. తర్వాత కాగితం తెచ్చి నేల మీద పరిచాడు. "పంజా మీరే పట్టి దీని మీద పెట్టుర్రి ఆపా. నేను ముట్ట, నమాజుకు పోవాలె." నేను ఒక్కో కాలూ పట్టుకుని కాగితం మీద నొక్కితే ఆయన దూరం నుంచి చెయ్యి చాపి పెన్సిల్‌తో గీశాడు. ఎనిమిది రెక్సిన్ బూట్లు, అడుగున మెత్తటి సోలు, పైన బిగించే పట్టీ. డబ్బులిస్తే తీసుకోలేదు, బుజుర్గు, అంటే మా పెద్దావిడ కోసం చేసింది అన్నాడు.

సోమవారం పొద్దున బయల్దేరాం. అత్తగారు బండారి డబ్బా తెచ్చారు. బండారి అంటే మల్లన్న పసుపు. కుక్కల నొసళ్లకు రాసి, రోజూ రాయమని కాస్త పొట్లం కట్టి నాకిచ్చి, నాకూ రాసి, స్కూటీ మీద కూర్చున్న కొడుక్కీ రాశారు. అవును, మా ఆయన స్కూటీ మీద. మడమకు కట్టుతో, సామాను ముందు పెట్టుకుని, ముందుపోయి మాకు నీడా నీళ్లూ చూసిపెట్టడం ఆయన పని. ఆయన చేసిన అసలు పని సలహాలివ్వడం. బండి మీద ఉన్న మనిషికి నడిచే మనిషి ఎప్పుడూ మెల్లగానే కనిపిస్తుంది. "జర జల్ది నడువు, ఎండ వస్తది" అని ఒక మూల మీద. "నీళ్లు తాగిపించినవా?" అని ఇంకో మూల మీద. మదీనా చౌరస్తా దగ్గరికి వచ్చేసరికే ఆయన్ని బండితో సహా మూసీలో తోసేద్దామా అనిపించింది.

బూట్లు చార్మినార్ దాటలేదు. గాజుల దుకాణాలు ఇంకా తెరవలేదు, ఖాళీగా ఉన్న మెట్ల మీద చిన్నది కూర్చుని తన నాలుగూ పీకి నమిలి, తర్వాత పెద్దోడివి కూడా పీకడం మొదలుపెట్టింది. వాడు ముసలాడు, ఏమీ అనడు. చివరికి ఒకే ఒక్క బూటు నా చేతికి దక్కింది. దాన్ని సంచిలో వేసుకున్నాను, ఎందుకో తెలియదు, పారేయాలంటే మనసొప్పలేదు.

గల్లీ గల్లీకి ఒక కుక్కల రాజ్యం ఉంటుందని నాకు అంతకు ముందు తెలియదు. అఫ్జల్‌గంజ్ కుక్కలు ఒప్పుకుంటే కోఠీ కుక్కలు ఒప్పుకోవు. అడుగడుగునా పదేసి మీదికొచ్చేవి. నా చేతిలో ఒక కర్ర, రెండు తాళ్లు. తాళ్లు నా కాళ్లకే చుట్టుకునేవి. అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటారు. నాకు దుత్తలు రెండు, వాటికి ఎనిమిది కాళ్లు. నడిచినంతసేపూ వాటిని తిట్టాను. తిట్లన్నీ అయిపోతే మళ్లీ మొదటి నుంచి తిట్టాను. ఆ రోజుకు సికింద్రాబాద్ దాటి, మా ఆయన స్నేహితుడి ఇంటి వరండాలో పడుకున్నాం. నా మడమలు రెండూ బొబ్బలెక్కాయి.

రెండోరోజు ఎండ. శామీర్‌పేట దాకా పోవడానికి రోజంతా పట్టింది. పెద్దోడు ప్రతి చెట్టు కిందా పడుకున్నాడు. చిన్నది ప్రతి కోడి వెంటా పరుగెత్తింది. లాడ్జివాళ్లు మమ్మల్ని చూసి గది ఉందన్నారు, వెనక కుక్కల్ని చూసి లేదన్నారు. చివరికి ఒక ఫంక్షన్ హాలు కాపలాదారు పార్కింగ్ షెడ్డులో చోటిచ్చాడు. ఎవరిదో పెళ్లి అయిపోయి, వాడిపోయిన బంతిపూల దండలు ఇంకా స్తంభాలకు వేలాడుతున్నాయి. సిమెంటు నేల మీద దుప్పటి పరుచుకుని పడుకుంటే, నా వయసులో నా తోటివాళ్లు ఏం చేస్తున్నారో గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. బాధతో కాదు, ఒళ్లు మంటతో.

మూడోరోజు బుధవారం. మధ్యాహ్నం దాకా బాగానే నడిచాం. మా ఆయన ముందున్న దాబా దగ్గర మంచాలు ఉంటాయని, అక్కడ ఆగుతానని వెళ్లిపోయారు. ఒక పెట్రోల్ బంకు దాటాక చిన్నది కుంటడం మొదలుపెట్టింది. కాలెత్తి చూస్తే అరికాలి మెత్తలో సీసా పెంకు దిగి ఉంది. పెంకు లాగేశాను. రక్తం ఆగలేదు. నా చున్నీ చింపి కట్టాను. అంతలోనే గాలి లేచింది. మార్చి నెలలో మబ్బు చూసి ఎవరు భయపడతారు? భయపడాల్సిందని ఐదు నిమిషాల్లో అర్థమైంది. ముందు దుమ్ము, తర్వాత పెద్ద పెద్ద చినుకులు, ఆ వెంటే వడగళ్లు. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరికే అనలేదు. ఉసిరికాయలంత వడగళ్లు నెత్తిన పడుతుంటే సంచి తల మీద పెట్టుకున్నాను.

పెద్దోడికి ఉరుమంటే భయం. రోడ్డు పక్క తూము కిందికి దూరి, తాడు ఎంత లాగినా రాలేదు. ఆ తూములోకి నీళ్లు రావడం మొదలైంది. పోయిన వానాకాలం కొట్టుకుపోయింది ఇలాంటి నీళ్లలోనే. నేను బురదలో మోకాళ్ల మీద కూర్చుని వాణ్ని మెడపట్టి బయటికి లాగాను. వాడు వణుకుతున్నాడు. నా గుండెల్లోకి తలదూర్చాడు. చిన్నది మూడు కాళ్ల మీద నిలబడి ఏడుస్తోంది. ఫోన్ తడిసి ఆగిపోయింది. ఎదురుగా పొలంలో పిడుగు పడింది, ఆ వెలుగుకు కళ్లు మూసుకుపోయాయి. నాకు జీవితంలో అంత భయం ఎప్పుడూ వేయలేదు.

ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. వెనక ఉల్లిగడ్డ సంచులు, పైన టార్పాలిన్.

"అక్కా, ఎక్కుర్రి! పిడుగులు పడుతున్నయి, ఏంది గట్ల నిలవడ్డరు?"

"కుక్కలు బండెక్కకూడదు బాబూ" అన్నాను. ఆ వానలో ఆ మాట నా చెవులకే పిచ్చిగా వినిపించింది.

"సచ్చినంక ఏం జేస్తరక్కా మొక్కును?" అన్నాడు డ్రైవర్. మా నొసళ్ల మీద కరిగి కారుతున్న బండారి చూసి అతనికి సంగతి తెలిసిపోయింది.

ఎక్కాను. పెద్దోణ్ని ఎత్తి లోపల పడేశాను, చిన్నదాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. ఉల్లిగడ్డల మీద కూర్చుని దాబా దాకా పోయాం. మా ఆయన పాక కింద నిలబడి దారికేసి చూస్తున్నారు. ట్రాలీలోంచి దిగుతున్న మమ్మల్ని చూసి కుంటుకుంటూ వచ్చారు. కుక్కల్ని ఆయనే దించారు.

వాన తగ్గాక, నేను తూము దగ్గర వదిలేసిన కర్ర కోసం ఆయన స్కూటీ మీద వెనక్కి పోయి వచ్చారు. "ఆరు కిలోమీటర్లు" అన్నారు, మీటర్ చూసి. మర్నాడంతా చిన్నదాని కాలు కోసం ఆగిపోయాం. ఊళ్లో పశువుల డాక్టరు కట్టుకట్టి ఒకరోజు నడిపించొద్దన్నాడు. వెనక్కి పోయి ఆ ఆరూ నడుద్దామని నేను వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాను. శుక్ర, శనివారాలు నడిస్తేగానీ ఆదివారానికి చేరం. సోమవారం ఆపరేషన్. మొదటే కుదరని లెక్క.

"మల్లన్న మీటర్ వెట్టుకొని కూసుంటడా? అమ్మకు చెప్పకు" అన్నారు మా ఆయన.

"మీరు చెప్పండి, మీకు అలవాటే" అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. నేనూ ఏం తక్కువ నొచ్చుకోలేదు.

మిగిలిన దారి చిన్నది ఆ ఒక్కగానొక్క బూటుతో నడిచింది. కట్టు మీద బూటు, పైన పాలిథిన్ కవరు. ఈసారి నమలలేదు. నొప్పి దానికి బుద్ధి నేర్పిందేమో. శనివారం సాయంత్రం కమాను దాటి, ఆదివారం జాతర జనంలో మల్లన్న గడప దాకా పోయాం. గుట్టంతా పసుపు. ఒక ముసలి ఒగ్గు పూజారి కుక్కల్ని చూసి పక్కకు పిలిచి వాటి నొసళ్లకు దోసెడు బండారి రాశాడు. చిన్నది ఆయన చేతిలోని కొబ్బరిముక్క లాక్కుని తింది. జనం నవ్వారు. నాకు మాత్రం దండం పెట్టడానికి చేతులు సరిగా లేవలేదు. ఆరు కిలోమీటర్లు తక్కువ తెచ్చానని ఎవరో అడుగుతున్నట్టే ఉంది.

తిరుగు ప్రయాణానికి బండెక్కినా తప్పులేదట. కారులో వచ్చాం. అత్తగారు గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఎప్పటి నుంచో తెలియదు. కుక్కలు మీదపడి నాకుతుంటే వాటి చెవులు చూశారు, కాళ్లెత్తి చూశారు, కట్టు విప్పి మళ్లీ కట్టారు. చిన్నదాని మెడపట్టీ కింది నుంచి ఏదో తీసి, వేళ్లతో నలిపి, పక్కకు విసిరారు. తర్వాత నా వైపు తిరిగారు.

"వాణ్ని అడుగ. వాడు చిన్నప్పటి సంది అబద్ధాలకోరే. నువ్వు చెప్పు. ఎక్కడన్న బండెక్కిన్రా?"

డాక్టరమ్మ తలుపు వేయించి చెప్పిన మాటలు నా చెవుల్లో ఉన్నాయి. రేపు సోమవారం.

"ఎక్కలేదత్తయ్యా."

ఆవిడ నా ముఖంలోకి చూశారు. "మంచిదైంది" అని లేచి, "సంచి సదురుర్రి దవఖానకు" అన్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. తీసిన గడ్డను పరీక్షకు పంపారు. అది ఎక్కడిదాకా పాకిందో తేలేది ఆ రిపోర్టులోనే. వారం దాటాక గురువారం వస్తుందన్నారు. అత్తగారిని ఇంటికి తెచ్చాం. ఆ వారమంతా నేను అందరి మీదా విరుచుకుపడ్డాను. కూరలో ఉప్పు తక్కువైందని మా ఆయన మీద, గుమ్మంలో పడుకున్నాయని కుక్కల మీద, ఫైలు కనబడలేదని ఆఫీసులో అటెండర్ మీద. ఇరవై ఏళ్లు రికార్డుల గదిలో పనిచేసినదాన్ని. రిజిస్టర్‌లో ఒక్క గడి ఖాళీగా ఉంటే నాకు అన్నం సహించదు. మల్లన్న ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఆ ఆరు కిలోమీటర్లు మాత్రం ఉన్నాయి, బంకుకీ దాబాకీ మధ్య, నడవకుండా. రేపు రిపోర్టు చెడుగా వస్తే ఆ ఆరు కిలోమీటర్లు జన్మంతా నా నెత్తి మీద ఉంటాయి. నమ్మకం లేనిదానికి నీకెందుకే ఈ బాధ అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుని బుధవారం సెలవు పెట్టాను.

చిన్నదాని కాలుకు ఇంజక్షన్ వేయించాలి, పెద్దోణ్నీ తీసుకుపోతానని చెప్పాను. రెండో అబద్ధం మొదటిదానంత కష్టం కాలేదు. ట్రాలీ ఆటో మాట్లాడి గల్లీలో నిలబెట్టాను. అత్తగారు ఛాతీకి కట్టుతో, గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా వచ్చారు. కుక్కల్ని దగ్గరికి పిలిచి వాటి నొసళ్లకు బండారి రాశారు.

"ఇంజక్షన్‌కు బండారి ఎందుకత్తయ్యా?" అన్నాను చిరాగ్గా.

"ఉండనియ్, మంచిదే" అన్నారు.

ఎండ దంచుతోంది. పెట్రోల్ బంకు దగ్గర దిగి నడక మొదలుపెట్టాను. పుణ్యక్షేత్రానికి పోయినట్టు మనసేమీ తేలికపడలేదు. లారీల దుమ్ము, హారన్లు. పెద్దోడు మళ్లీ చెట్టుచెట్టుకీ ఆగాడు. చిన్నది గొర్రెలమంద కనబడితే తాడు తెంపుకుని పోయింది, గొర్రెలకాపరి చేత నాకు చీవాట్లు పెట్టించింది. తూము దగ్గరికి రాగానే పెద్దోడు ఆగాడు. తూములో ఇప్పుడు చుక్క నీరు లేదు. వాడు వాసన చూసి, నా కాలికి ఆనుకుని నిలబడ్డాడు. ఎందుకో వాడి తల నిమిరాను. తర్వాత నడిచాం. దాబా పాక కనబడేసరికి నా చెప్పు తెగింది. మిగిలిన ఆ కాస్త దూరం ఒంటి చెప్పుతో పోయి, మంచం మీద కూలబడ్డాను.

ఫోన్ మోగింది. అత్తగారు.

"అయినయా?"

"ఏంటత్తయ్యా?"

"ఆరు కిలోమీటర్లు."

దాబావాడు నీళ్ల గ్లాసు పెట్టి పోయాడు.

"దాని పట్టీ కింద ఉల్లిపొట్టు దొరికింది నాకు" అన్నారు ఆవిడ. "మన ఇంటికాడి నుంచి మల్లన్న దాక ఏ రోడ్డు మీద ఉల్లిగడ్డలు కుక్క మెడకెక్కుతయ్? ఎంత దూరమన్నదొక్కటి తెల్వలే. దవఖానల వాణ్ని గట్టిగ అడుగుతే చెప్పిండు."

"మరి ఆ రోజే తెలిస్తే ఆపరేషన్‌కు ఎందుకొచ్చారు? మొక్కు తీరకపోతే కత్తి పెట్టనివ్వనన్నారుగా?" అని అరిచేశాను. ఇన్నాళ్ల కోపం అంతా ఆ అరుపులోకి వచ్చింది. దాబాలో ఇద్దరు తిరిగి చూశారు.

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"అందరు చిన్న గడ్డ, చిన్న గడ్డ అన్నరు. వాడు అన్నడంటే నేను లెక్కవెట్టలే. నువ్వు ఇరవై ఏండ్లు నా మొఖం మీద కొట్టినట్టే మాట్లాడినవ్, ఒక్కనాడు అబద్ధమాడలే. గసుంటి నువ్వు నా కండ్లల్ల చూసి ఎక్కలేదన్నవ్. నేను సచ్చిపోతనని నీకు బుగులైందని గప్పుడు సమజైంది. నువ్వు గంత భయపడ్డవంటే అది చిన్న గడ్డ గాదు. ఇగ మొక్కు గిక్కు అనుకుంట కూసుంటే ఎట్లా? అందుకే వచ్చిన."

నేను ఏడ్చాను. దాబా ముందు, అంతమంది లారీ డ్రైవర్ల ఎదుట, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. కుక్కలు రెండూ మంచం కింద పడుకుని నిద్రపోతున్నాయి.

"ఏడ్వకు" అన్నారు అత్తగారు. "రేపు కాయితం ఎట్లొస్తే గట్లొస్తది. జల్ది ఇంటికి రా. ఎండల నడవకు, ఆటో మాట్లాడుకో. గిప్పుడు బండెక్కినా ఏం గాదు."